మోగే డబ్బా, మోగని డబ్బా

వేడన్నం కంచం ముందు పెట్టుకుని, దాని మీద కుడిచెయ్యి చాపి ఒట్టేస్తున్నాను. ఇక్కడ రాసిందంతా నిజం. కల్పన ఒక్క మెతుకంత కూడా లేదు. మా ఆవిడ సుధ ఎదురుగా కూర్చుని, ఒట్టు తొందరగా తెమిల్చితే పప్పు వడ్డిస్తానంటోంది. ఐర్లండ్‌లో మేముండే ట్రాలీ అనే ఊళ్లో ఆసుపత్రి నర్సు ఆవిడ. ఇరవై రెండేళ్లుగా నా కథలు వింటోంది. నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం ఎంతో చెప్పినట్టు, నా కథలో పెరిగింది ఎంతో చెప్పేస్తుంది. అందుకే ఈసారి ఒట్టు ఆవిడ కళ్లముందే వేస్తున్నాను.

రాయడానికి కారణం లిమరిక్‌లో, కార్క్‌లో ఫుడ్ సైన్స్ చదివి ఈ మధ్య గిడ్డంగుల్లో చేరిన మన పిల్లలు. "అంకుల్, మీరు అన్నేళ్లు చేసిన పని అసలేంటి?" అని అడిగారు. నియామకపు కాగితం మీద నా ఉద్యోగానికి పొడుగాటి పేరుండేది. చేసిన పని మాత్రం ఒకటే. డబ్బాలో ఉన్న మాంసం బాగుందో లేదో మూత తీయకుండా చెప్పడం. యాభై మూడేళ్లకి నన్ను ఇంటికి పంపి, నా జాగాలో ఒక యంత్రాన్ని నిలబెట్టారు. నాకు దాని మీద కోపం లేదు. అది చాలా బుద్ధిమంతురాలు. అబద్ధం ఆడడం దానికి ఎవరూ నేర్పలేదు.

వినడం

మా గిడ్డంగి ట్రాలీ ఊరి బయట, గాలి మళ్లినప్పుడల్లా సముద్రం వాసన వచ్చే చోట ఉండేది. హోటళ్లకి, చిన్న దుకాణాలకి, చేపల పడవలకి డబ్బా తిండి పంపేవాళ్లం. మొదటి రోజు నన్ను బ్రీడా అనే ఆవిడకి అప్పగించారు. పొట్టి మనిషి, బూడిదరంగు కార్డిగన్ స్వెటరు, జేబులో ఒక టీస్పూను. ఆ స్పూను వెనకభాగంతో డబ్బా మూత మీద ఒక్కటి కొట్టేది. టింగ్. పక్కన పెట్టేది. టింగ్. పక్కన పెట్టేది. టప్. దాన్ని వేరే బల్ల మీదకి జరిపేది. మధ్యలో వాతావరణం గురించి మాట్లాడుతూనే ఉండేది.

లోపల గాలి లేకుండా బిగిసిన డబ్బా మూత కొంచెం లోపలికి గుంజుకుని ఉంటుంది. కొడితే మోగుతుంది. ఎక్కడో అంచు దగ్గర గాలి దూరితే మూత సడలుతుంది, చప్పుడు మొద్దుబారుతుంది. ఒంగోలు బజారులో మా అమ్మ కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి ఎంచడం చూసి పెరిగినవాణ్ణి కనుక నాకు ఇదేమీ వింతగా తోచలేదు. ఆ సంగతి బ్రీడాకి చెప్పాను. అయితే నీకు సగం పని వచ్చేసినట్టే, మిగతా సగానికి పదేళ్లు పడుతుంది అంది. ఆవిడ కెర్రీ జిల్లా యాస ఇంగ్లీషుని నేను తెలుగులో చెబుతున్నాను. నిజానికి అది వానలో పాట పాడినట్టుంటుంది.

కార్న్‌డ్ బీఫ్ దగ్గర మాత్రం ఎంతటి చెవైనా తడబడుతుంది. ఉప్పులో ఊరబెట్టి ఉడికించిన గొడ్డుమాంసం అది. మూత దాకా కుక్కి ఉంటుంది కాబట్టి మంచి డబ్బా కూడా ఖణేలుమని మోగదు. పెద్ద గంట ఎక్కడో దూరాన మోగి ఆగినట్టు, లోతుగా ఒక్క చప్పుడు. చెడిపోయింది అయితే తడిచెక్క మీద కొట్టినట్టు ఉంటుంది. ఈ రెంటికీ నడుమ తేడా వెంట్రుకవాసి. అది మా గిడ్డంగిలో బ్రీడాకి వినిపించేది, చాలా ఏళ్ల తర్వాత నాకూ వినిపించింది. ఇంకెవరికీ వినిపించలేదు.

ఆవిడ చెవి ఎలాంటిదో ఒక్కటి చెబుతాను. నమ్మకపోతే మీ ఇష్టం. ఒకసారి పేర్ పళ్ల చీటీ అంటించిన డబ్బాలు వచ్చాయి. నేను కొడుతున్నాను, ఆవిడ అటు తిరిగి టీ కాచుకుంటోంది. "అది పళ్లు కాదు, పంది. అదీ కుంటి పంది" అంది. తెరిచి చూస్తే పందిమాంసమే, చీటీలు మారిపోయాయి. కుంటిదో కాదో తేల్చుకునే దారి లేకపోయింది గానీ, ఆ తర్వాత ఆవిడ మాటని ఎవరూ కాదనలేదు.

ఇద్దరి సంతకాలు

చెవి తర్వాత నాలుక. వచ్చిన ప్రతి సరుకులోంచి రెండు మూడు డబ్బాలు తెరిచి ఇద్దరు రుచి చూడాలి, ఇద్దరూ రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఇది మా గిడ్డంగి నియమం.

ఉద్యోగానికి పిలిచినప్పుడు అన్ని మాంసాలూ రుచి చూడగలవా అని అడిగారు. అప్పుడు మాకు ఇంటి లీజు కొత్తది, సుధకి ఇంకా ఉద్యోగం రాలేదు. "గ్రాండ్" అన్నాను. ఈ దేశంలో ఆ మాట బాగుంది అనడానికీ వాడతారు, బాగాలేదు అని చెప్పలేకా వాడతారు. నేను కోడి తింటాను, వేట తింటాను, చేప తింటాను. గొడ్డుమాంసం తినను. దీని వెనక పెద్ద సిద్ధాంతమేమీ లేదు. మా ఇంట్లో ఆ మాటే ఉండేది కాదు, అందుకని నా చెయ్యి అటు వెళ్లదు, అంతే.

మొదటి వారంలోనే బీఫ్ ప్లేటు ముందుకు వచ్చింది. నా చేతిలో స్పూను ప్లేటు పైనే ఆగిపోవడం బ్రీడా చూసింది. ఒక్క ప్రశ్న అడగలేదు. ప్లేటుని తన వైపు లాక్కుని, పక్కనున్న కోడిమాంసం ప్లేటుని నా వైపు తోసింది. "నాకు డబ్బా కోడి వాసన పడదు. నీ గొడ్డు నేను తింటా, నా కోడి నువ్వు తిను. సంతకాలు మాత్రం ఎవరివి వాళ్లవి" అంది.

అలా పద్నాలుగేళ్లు గడిచాయి. ఆవిడ నమిలి చెప్పేది, నేను రాసుకునేవాణ్ణి. ఉప్పు ఎంత, పీచు ఎలా విడుతోంది, కొవ్వు నాలుక మీద ఎంతసేపు నిలుస్తోంది. నాకు రాత మీద సరదా కదా, రెండు మాటలు చేర్చేవాణ్ణి. బీఫ్ గురించి మోహన్ రాసినంత బాగా ఇంకెవరూ రాయలేరని మా పాత యజమాని వచ్చినవాళ్లందరికీ నా రిజిస్టరు చూపించేవాడు. ఆ మాటకి బ్రీడా టీ కప్పు వెనక మొహం దాచుకునేది.

అది తప్పే. తప్పని తెలిసే చేశాం. కానీ ఒక సంగతి ఉంది. నా సంతకం వెనక ఒక నమ్మకమైన నాలుక ఉండేది, అది నాది కాకపోయినా.

ఊరు ఆగిన వసంతం

తర్వాత ఆ కరోనా వసంతం వచ్చింది. రోజూ పొద్దున్నే ట్రాలీ వీధుల్లోంచి కారు నడుపుకుంటూ వెళ్తుంటే, ఊరంతా ఇంకా లేవడం మర్చిపోయినట్టు ఉండేది. దుకాణాల అద్దాల వెనక బొమ్మలు నిలబడి నా ఒక్కడి కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండేవి. కొండవాలు మీద గోర్స్ అనే ముళ్లపొదలు పసుపుగా విరబూసి, ఆ పూల కొబ్బరి వాసన కారు అద్దాల్లోంచి లోపలికి వచ్చేది. రోడ్డు మీదకి వచ్చిన ఆవులు ఒకదానికొకటి రెండు మీటర్ల దూరం పాటిస్తూ నడిచాయి. నేను కళ్లారా చూశాను. మలుపులో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి పనికి వెళ్తున్నట్టు కాగితం చూపించమనేవాళ్లు. అందులో ఒకాయన రోజూ తన మధ్యాహ్నపు సార్డీన్ చేపల డబ్బా కిటికీ దగ్గర పట్టుకుని, కొట్టి చెప్పమనేవాడు. అది గ్రాండ్ అని నేను చెప్పాకే పోనిచ్చేవాడు.

డెబ్బై దాటినవాళ్లు గడప దాటకూడదన్నారు. దానికి ఇక్కడ కోకూనింగ్ అని పేరు, పట్టుపురుగు గూట్లో ఉన్నట్టు. బ్రీడాకి డెబ్బై ఒకటి. అదీగాక జనవరిలో కడుపు ఆపరేషన్ అయింది. అప్పటికి గిడ్డంగి నడుపుతున్నది పాత యజమాని కొడుకు ఫింటన్. నలభై ఏళ్లవాడు, మంచివాడే, కాకపోతే జీవితంలో ఒక్క డబ్బా కూడా కొట్టి చూసినవాడు కాదు. అతనే ఆవిణ్ణి ఇంటికి పంపాడు. ఆవిడ వెళ్లేముందు సిబ్బంది అందరికీ కొత్తగా వచ్చిన కార్న్‌డ్ బీఫ్ సరుకులోంచి తలా ఆరు డబ్బాలు ఇచ్చాడు. బ్రీడా వాటిని సంచిలో వేసుకుని, స్పూను జేబులో పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్లింది.

ఆ వారమే కౌంటీ ఆఫీసువాళ్లు, అంటే జిల్లా అధికారులు, అడిగారు, ఇళ్లలో ఉండిపోయిన ముసలివాళ్లకి రెండు వారాలకి సరిపడా తిండి పెట్టెలు కట్టిమ్మని. మాంసం డబ్బాలు ఎంచే పని నాది. "ఇప్పుడు ఒక్క సంతకం చాలు. నీది పెట్టు" అన్నాడు ఫింటన్.

గిడ్డంగిలో నేనొక్కణ్ణే. పైకప్పు పలకల్లోంచి వెలుతురు పాలలా కిందికి కారేది. వరసల మధ్య నడుస్తూ ఒక డబ్బా కొడితే, ఆ చప్పుడు చివరి వరస దాకా వెళ్లి, అక్కడ కాసేపు కూర్చుని, మళ్లీ నా దగ్గరికి వచ్చేది.

పిల్లలూ, ఇక్కడ కాస్త పని సంగతి వినండి. ఆపద కోసం డబ్బా మాంసం ఎంచేటప్పుడు అందరూ మొదట చూసేది ఎన్నేళ్లు నిలవుంటుందని. అది చివర చూడండి. మొదట చూడాల్సింది ఆ మనిషి మామూలు రోజుల్లో ఏం తింటాడని. భయంలో ఉన్నవాడికి కొత్త రుచి దిగదు. తర్వాత అంచు చూడండి. డబ్బా పొట్ట మీద సొట్ట ఉంటే ఫర్వాలేదు, అంచు మీద ఉంటే ఎంత చిన్నదైనా తీసెయ్యండి. మూత ఉబ్బిందంటే కొట్టి చూడక్కర్లేదు, తెరవనూ వద్దు. గుడ్డతో తుడిస్తే పోయే తుప్పు తుప్పు కాదు, గోరుకి గుంట తగిలితే అది తుప్పు. ఒంటరి మనిషికి చిన్న డబ్బా పంపండి, పెద్దది తెరిస్తే సగం పాడవుతుంది. రక్తపోటున్నవాళ్లకి ఉప్పు తక్కువది. వేళ్లు సరిగా రానివాళ్లు లాగుడు మూత తియ్యలేరు. స్పూను పిడి రింగులో దూర్చి ఎత్తమని ఒక చీటీ రాసి పెట్టండి. ఇవన్నీ నేను సరిగానే చేశాను.

నేను రాసిన మాట

కోడి చూశాను, ట్యూనా చూశాను, సాల్మన్ చూశాను. చివరికి బీఫ్ మిగిలింది. చేతికందిన డబ్బాలన్నీ కొట్టి చూశాను. దూరాన పెద్ద గంట మోగి ఆగినట్టు, అన్నీ చక్కటి చప్పుడే. ఒకటి తెరిచి ప్లేటులో పెట్టుకుని కూర్చున్నాను. ఎదురు కుర్చీ ఖాళీ. కొవ్వు మెత్తబడి ప్లేటు అంచు దాకా జారింది. నా స్పూను కదల్లేదు.

అప్పుడు నాకు ఒక వంకర నీతి తట్టింది. ఇన్నేళ్లూ నా సంతకం వెనక బ్రీడా నాలుక ఉంది. ఇప్పుడు బాగుంది అని రాస్తే దాని వెనక ఎవరి నాలుకా లేదు. అది పచ్చి అబద్ధం. తినను అని ఫింటన్‌తో చెబితే పద్నాలుగేళ్ల సంతకాలన్నీ బయటపడతాయి, నావీ ఆవిడవీ. అందుకని మూడో దారి పట్టాను. "చప్పుడు మొద్దు. పంపవద్దు" అని రాశాను.

మంచి డబ్బాని చెడ్డదంటే ఎవరికి నష్టం అనుకున్నాను. ముసలివాళ్లు కోడి తింటారు, అంతే కదా. ఫింటన్ మారు మాట్లాడలేదు. సరుకంతా ఒక మూలకి నెట్టించి, సిబ్బందికి ఫోన్లు చేసి, మీకిచ్చినవి కూడా తినకండి, పారెయ్యండి అని చెప్పాడు. ఆరోజు నేను ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాను. అది కూడా దాచను.

సుధ విన్న గొంతు

సుధ రోజూ డ్యూటీ నుంచి వచ్చాక బ్రీడాకి ఫోన్ చేసేది. ఇద్దరికీ మంచి స్నేహం. మూడు వారాలు గడిచాక ఒకరోజు ఫోన్ పెట్టేసి నా దగ్గరికి వచ్చింది.

"ఆవిడ తినడం లేదండీ" అంది.

"పెట్టె వెళ్లింది కదా. రెండు పెట్టెలు వెళ్లాయి."

"పెట్టెలో ఉన్నది కోడి. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆవిడకి చల్లటి బీఫ్ ముక్కలు, బ్రెడ్డు, ఇంతే దిగుతోంది. పక్కింటివాళ్లు ట్రాలీ అంతా వెతికారట, ఎక్కడా లేదు. టీ, బిస్కెట్లతో నెట్టుకొస్తోంది. జీపీ డాక్టరు వారం వారం బరువు అడుగుతున్నాడు. ఇంకా తగ్గితే ఆసుపత్రిలో చేర్చుతానన్నాడు."

నేను కుర్చీ జరుపుకుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"ఇప్పుడు మా వార్డులోకి ఆ వయసువాళ్లు రాకూడదు. వచ్చినవాళ్లలో ఎంతమంది వెనక్కి వెళ్తున్నారో నేను చూస్తున్నాను. మీరేం చేస్తారో చెయ్యండి. ఆవిణ్ణి మాత్రం అక్కడికి రానివ్వద్దు" అంది. ఆ గొంతుతో సుధ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

బ్రీడా ఇంట్లో ఆరు డబ్బాలున్నాయి కదా అని నేను అడగలేదు. అవి ఎందుకు తినడం లేదో నాకు తెలుసు.

కిటికీ ముందు

మర్నాడు కొత్త పెట్టె నేనే తీసుకెళ్లాను. బ్రీడా ఇల్లు డింగిల్ వెళ్లే దారి పక్కన, సముద్రం కనిపించే మెట్ట మీద ఉంటుంది. ఎండ కాస్తోంది. నీళ్లు కదలకుండా, ఎవరో నేల మీద దుప్పటి పరిచి వెళ్లిపోయినట్టు ఉన్నాయి. పెట్టెని గోడ మీద పెట్టి వెనక్కి వచ్చి నిలబడ్డాను. కిటికీ తెరుచుకుంది. కార్డిగన్ లోపల మనిషి సగమే మిగిలింది. కిటికీ గట్టు మీద ఆరు కార్న్‌డ్ బీఫ్ డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి.

"వచ్చావా. నీ కోసమే బయటపెట్టాను" అంది. ఇక్కడ ఎంత వయసువాణ్ణయినా బాయ్ అంటారు. "మోహన్ బాయ్, ఈ ఆరూ నేను కొట్టి చూశాను. ఆరూ నాకు బాగానే మోగాయి. నువ్వేమో మొద్దు అని రాశావట. అంటే నా చెవి పోయింది. మూడు వారాలుగా రోజూ కొడుతున్నాను, ఆ మొద్దు చప్పుడు నాకు దొరకడం లేదు. నువ్వొకసారి కొట్టి చూపించు, ఎక్కడుందో."

ఒక డబ్బాని కిటికీ బయట గట్టు మీద పెట్టి, లోపలికి జరిగి, కిటికీ సగం మూసింది. నేను వెళ్లి తీసుకుని మళ్లీ వెనక్కి వచ్చాను. నా దగ్గర స్పూను లేదు. గోటితో కొట్టాను. అంత నిశ్శబ్దంలో ఆ చప్పుడు వెళ్లి సముద్రాన్ని తాకి వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

ఆవిడ కళ్లు మూసుకుని వింది. "మళ్లీ కొట్టు." కొట్టాను. "నాకు బాగానే ఉంది. నీకు?"

నేను మూడోసారి కొట్టబోయి ఆగిపోయాను.

"దీన్ని తెరిచావా?" అంది.

"తెరిచాను."

"తిన్నావా?"

"లేదు."

ఆవిడ కళ్లు తెరిచింది. "అయితే ఇది చెవి సంగతి కాదు."

"కాదు. మీ చెవికేం కాలేదు. నేను రాసింది అబద్ధం."

ఆవిడ కిటికీ పూర్తిగా తెరిచింది. రోడ్డు మీద ఒక్క కారు కూడా వెళ్లలేదు.

"పద్నాలుగేళ్లు నీ వంతు నేను తిన్నాను" అంది, నెమ్మదిగా. "ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావా? డబ్బా తెచ్చి ఈ గోడ మీద పెడితే, ఇక్కడే తిని చెప్పేదాన్ని కదా. నేను ముసలిదాన్నయిపోయాననుకున్నాను, మోహన్. నీకు తెలుసా, మూడు వారాలు అదే అనుకున్నాను."

ఆ తర్వాత లోపలికి వెళ్లి బ్రెడ్డు తెచ్చుకుంది. నా చేతిలోది గట్టు మీద పెట్టించుకుని, డబ్బాకి అంటించి ఉండే చిన్న తాళంచెవితో రేకు చుట్టి తెరిచి, కత్తితో ముక్కలు కోసుకుని, నిలబడే తింది. కావాలంటే అటు తిరుగు అంది నాతో. నేను తిరగలేదు. నాలుగు ముక్కలు తింది. మూడు వారాల ఆకలి, అయినా నమలడంలో తొందర లేదు. పని చేస్తున్నప్పుడు నమిలినట్టే నమిలింది.

"ఉప్పు ఒక పిసరు తక్కువ. పీచు బాగా విడుతోంది. కొవ్వు గ్రాండ్. రాసుకో" అంది.

జేబులో కాగితం తీసి రాసుకున్నాను. ఫింటన్‌కి ఏం చెబుతావని అడిగింది. ఉన్నదున్నట్టు చెబుతానన్నాను. నా మొహం కేసి కాసేపు చూసి, దారిలో ఆవులుంటాయి, నెమ్మదిగా వెళ్లు అంది.

ఫింటన్ గదిలో

తిన్నగా గిడ్డంగికి వెళ్లి ఫింటన్ గది తలుపు తట్టాను. మాస్కులు వేసుకుని, బల్లకి అటూ ఇటూ దూరంగా కూర్చున్నాం. మొదటి వారంలో ఆగిపోయిన స్పూను దగ్గర్నుంచి మూడు వారాల కిందట రాసిన మాట దాకా అన్నీ చెప్పాను. నా గొంతు ఎక్కడా తడబడలేదు. కిటికీ మీద సన్నటి వాన పడుతోంది. ఫింటన్ రిజిస్టరు దగ్గరికి లాక్కుని ఆ పేజీ తీశాడు.

"మా నాన్నకి ఇది తెలుసు. నీ బీఫ్ వర్ణనలు చదివిన రోజే, తిన్నవాడు ఎవడూ ఇంత అందంగా రాయడని అన్నాడు" అని నవ్వాడు. ఆ తర్వాత లేచి, మొద్దు అని నేను రాసిన వరసని తానే కొట్టేసి, కింద నా చేత సంతకం పెట్టించాడు.

మర్నాటి నుంచి ఆ సరుకు పెట్టెల్లోకి వెళ్లింది. బ్రీడా బరువు నిలబడింది, తర్వాత కొంచెం పెరిగింది. జీపీ ఆసుపత్రి మాట మళ్లీ ఎత్తలేదు. బీఫ్ వచ్చిన ప్రతిసారీ నేను మెట్ట మీద ఇంటికి డబ్బా తీసుకెళ్లి గోడ మీద పెట్టేవాణ్ణి, ఆవిడ కిటికీలోంచి తిని చెప్పేది.

పిల్లలూ, ఈ ఉద్యోగంలో మంచిదాన్ని మంచిదనడం ఎంత ముఖ్యమో, మంచిదాన్ని చెడ్డదనకుండా ఉండడం అంతే ముఖ్యం. మీరు తిననిది ఏదైనా ఉంటే చేరిన రోజే చెప్పండి. ఈ దేశంలో ఎవరూ ఏమీ అనుకోరు, మనమే అనుకుంటారని అనుకుంటాం. తప్పు చేస్తే ఆరోజే పై మనిషి తలుపు తట్టండి.

ఒట్టు సంగతి

సుధ ఇంతదాకా చదివి కాగితాలు కింద పెట్టింది. ఏమీ అనలేదు. నేను ఒట్టేసిన కంచం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. కాబట్టి ఒప్పుకుంటాను.

మీరు నమ్మలేకపోయినవన్నీ జరిగినవే. జరగనిది ఆ గది ఒక్కటే. నేను ఫింటన్ తలుపు తట్టలేదు.

మెట్ట దిగి గిడ్డంగికి చేరేసరికి మూలనున్న సరుకుని అప్పటికే బయటికి లాగుతున్నారు. ఆవరణకి అవతలి వైపు నుంచి ఫింటన్ మాస్కు కిందికి లాగి చెప్పాడు. బ్రీడా ఫోన్ చేసిందట. ఇంటికి వెళ్లేముందు ఆ సరుకు కొట్టి మొద్దుగా ఉందని నాతో చెప్పింది తానేనట. నేను ఆవిడ మాట మీదే రాశానట. ఇప్పుడు తిని చూస్తే బాగుందట. "పాపం, చెవులు పోయాయంటోంది" అన్నాడు.

నిజం చెప్పాల్సిన వంతు నాది. నోరు తెరిచాను. "అవునట" అన్నాను.

రిజిస్టరులో ఆ తప్పు ఇప్పటికీ ఆవిడ పేరు మీదే ఉంది. మరుసటి ఏడు వేసవిలో గిడ్డంగి కారు పార్కులో బ్రీడాకి వీడ్కోలు ఇచ్చాం. అందరం దూరదూరంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నాం, ఎండ బంగారంలా ఉంది. ఫింటన్ లేచి రెండు మాటలు మాట్లాడాడు. ముప్పై ఏళ్లలో బ్రీడా చెవి తప్పింది ఒక్కసారేనని, అదీ ఒక కార్న్‌డ్ బీఫ్ సరుకు దగ్గరనీ అన్నాడు.

అందరూ నవ్వారు. బ్రీడా కూడా నవ్వింది, నా వైపు చూడకుండా. నేనూ నవ్వాను.